ఈక గాలం కథలకు లైసెన్సు

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తెలుసుకోవాలంటే అక్కడ చేపలు పట్టడం ఎంత సులువో చూడకూడదు. చేపల గురించి చదవడం ఎంత కష్టమో చూడాలి. ఈ కొలతతో కొలిస్తే మలేసియాలో మా ఇపో ఊరి శివార్లలోని ఒక పఠనాలయం ప్రపంచానికే దారి చూపిస్తోంది.

ఆ పఠనాలయం పేరు చెప్పను. (చెబితే జనం వస్తారు. జనం వస్తే క్యూ వస్తుంది. క్యూ వస్తే దాన్ని తగ్గించడానికి ఇంకో యాప్ వస్తుంది. ఉన్న యాప్ ఏం చేసిందో తెలిశాక ఇంకోటి కావాలని మీరూ అనరు.)

అక్కడి తెలుగు బీరువాలో నలభై మూడు పుస్తకాలు ఉన్నాయి. నలభై రెండు భక్తి, వంట, జాతకం. నలభై మూడోది 'ఈక గాలం కథలు'. గొడవంతా దాని గురించే.

ఈక గాలం అంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు. మామూలు గాలానికి వానపామును గుచ్చుతారు. ఈక గాలానికి కోడిమెడ ఈకను దారంతో చుట్టి, పురుగులా కనిపించేట్టు చేసి, నీటి మీద ఆడిస్తారు. చేప మోసపోతుంది. దాన్ని పట్టి, కొలిచి, మురిసిపోయి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. కూర ఉండదు, పులుసు ఉండదు. పొద్దంతా నడుములోతు నీళ్ళలో నిలబడి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చి, పెళ్ళాం చేత చీవాట్లు తినే ఈ విద్యను తెల్లదొరలు రబ్బరు, కొబ్బరి తోటల్లోకి తెచ్చారు. వెళ్ళిపోయేటప్పుడు కొందరు గాలం కర్రలు మరిచిపోయారు. బాగన్ దాతుక్ దగ్గర ఒక తోటలో అలా మిగిలిపోయిన కర్ర, బంగళా తోటమాలిగా పనిచేసే పాపాయి అనే అతని చేతికొచ్చింది.

పాపాయికి ఒక స్నేహితుడు ఉన్నాడు. అదే తోటలో కొబ్బరికాయలు దింపే సూరిబాబు. ఏటా సెలవులకు ఇద్దరూ ఒకే కప్‌చాయ్ మోటారు సైకిలెక్కి తాపా కొండల్లో సుంగై లిచిన్ అనే ఏటికి పోయేవారు. (లిచిన్ అంటే మలయ్‌లో జారుడు. పేరు పెట్టినవాళ్ళు అనుభవం మీద పెట్టారు.) వచ్చాక పాపాయి కథలు రాసేవాడు. పంతొమ్మిది పోగయ్యాయి. తెలుగు సంఘంవాళ్ళు రెండు వందల ప్రతులు అచ్చు వేయించారు. ప్రతి అట్ట మీదా పాపాయి తన చేత్తో ఒక నిజమైన ఈక గాలాన్ని, కొక్కెంతో సహా, అలంకారంగా కుట్టాడు. నూటతొంభై తొమ్మిది ప్రతులు పెళ్ళిళ్ళలో కానుకలుగా ఇచ్చారు కాబట్టి వాటిని ఎవరూ చదవలేదు. మిగిలిన ఒక్కటీ పఠనాలయానికి చేరింది.

పాపాయి పోయి పన్నెండేళ్ళయింది. సూరిబాబు ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇపోలో చెల్లెలు శాంతాదేవి ఇంట్లో ఉంటాడు. మూత్రపిండాలు రెండూ ముందస్తు నోటీసు లేకుండా రాజీనామా చేశాయి. మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. కుర్చీలో నాలుగేసి గంటలు.

రెండో నెలలో ఆయన కూడా రాజీనామా ఇచ్చాడు.

"నాను రాను. నాలుగు గంటలు గోడ సూసుకుని కూకోడానికి నాను బల్లినేటి?"

"టీవీ ఉన్నాది కదా అన్నియ్యా."

"ఆ టీవీలో వంట సూపిస్తారు. నన్ను తినమని డాక్టరు రాసిచ్చింది ఒకటి, ఆళ్ళు వండేది ఇంకోటి. నాకు వొద్దు."

శాంతాదేవి అరవై ఎనిమిదేళ్ళ మనిషి. కొత్తిమీర కట్ట బేరమాడితే అమ్మేవాడు ఇంకో కట్ట ఊరికే ఇచ్చి పంపే రకం. ఆమె వాదించలేదు. పఠనాలయానికి వెళ్ళి 'ఈక గాలం కథలు' తెచ్చింది. సూరిబాబుకు తెలుగు మాట్లాడడమే వచ్చు. చదివింది తోటలోని తమిళ బడిలో. శాంతాదేవి సంఘంవారి ఆదివారం తరగతుల్లో అక్షరాలు నేర్చుకుంది. మంగళవారం నాడు కుర్చీ పక్కన స్టూలు వేసుకుని మొదటి కథ చదివింది. అందులో సూరిబాబు అనే పాత్ర మొదటి పేజీలో ఏట్లో జారి పడింది. మూడో పేజీలో మళ్ళీ పడింది. కథ చివర్లో పాపాయి దాన్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడు.

"అబద్ధం!" అని కేక వేశాడు సూరిబాబు. నర్సు మాలిని పరుగున వచ్చి బీపీ చూసింది. "ఆడే పడ్డాడమ్మా! జుట్టట్టుకుని లాగింది నాను! ఆడికి అప్పుడు జుట్టుండేది!"

గురువారం ఆయన తెల్లారకముందే చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. "బేగి పద. ఆ ఎదవ ఇంకేటి రాసినాడో సూడాల."

చేపల వేట సాహిత్యం ఎందుకింత ఆకర్షిస్తుందన్న ప్రశ్న మీద పెద్దలు చాలా చెప్పారు. ఏకాంతం అన్నారు, ప్రకృతి అన్నారు, ఓర్పు అన్నారు. సూరిబాబు విషయంలో కారణాలు రెండే. ఒకటి, కోపం. రెండోది, నీళ్ళు. రోజుకు రెండు గ్లాసులకు మించి తాగకూడదని డాక్టరు గీత గీసిన మనిషికి, కొండ మీది నుంచి దూకి, రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ, మోకాళ్ళను కొరికే చల్లటి ఏరు పేజీల కొద్దీ దొరికింది. అక్కడ కొలత గ్లాసు లేదు. పక్క కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా మెల్లిగా టీవీ సౌండు తగ్గించమనసాగారు.

మూడో కారణం కూడా ఉంది గానీ ఆయన పైకి చెప్పడు. ఆఖరి కథ పేరు 'పెద్ద కెలా'. కెలా అంటే కొండ ఏళ్ళలో తిరిగే బంగారు పొలుసుల చేప. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట సుంగై లిచిన్‌లో చెయ్యి పొడవు కెలా ఒకటి పడింది. తనే పట్టానని పాపాయి చచ్చేదాకా చెప్పుకున్నాడు. పట్టింది తనని సూరిబాబు ఇప్పటికీ చెబుతున్నాడు. చేపను వదిలేశారు కాబట్టి సాక్ష్యం ఈదుకుంటూ పోయింది. పుస్తకంలో పాపాయి ఏం రాశాడన్నది సూరిబాబుకు తెలియాలి.

"ఆఖరిది ముందు సదివేయమంటావా?" అంది శాంతాదేవి.

"వొద్దు. వరసగానే రానీ. ఆడి అబద్ధాలన్నీ ఇన్నాకనే అది ఇంటాను."

శాంతాదేవి హమ్మయ్య అనుకుంది. కుర్చీకి ఒక కథ, పంతొమ్మిది కథలు. ఆమె లెక్క ఆమెకుంది.

ఏడో కథ అయ్యాక పఠనాలయానికి 'సేనాంగ్' వచ్చింది.

సేనాంగ్ అంటే మలయ్‌లో సులువు. అది యాప్. జిల్లాలోని వస్తువులన్నీ ఒకే జాబితాలోకి రావాలని పైవాళ్ళు నిర్ణయించారు. పుస్తకాలు, కుర్చీలు, పడవలు, లైఫ్ జాకెట్లు, అన్నీ. జాబితా రాసే పని పఠనాలయం కౌంటరులో కూర్చునే తినేశ్ మీద పడింది. తినేశ్ హోదా జాబితా సమన్వయ సహాయకుడు (తాత్కాలికం, ఇది పదకొండో ఏడు). నిజాయితీపరుడు. ప్రతి వస్తువుకూ ముప్పై ఒక్క ప్రశ్నలకు జవాబు నొక్కాలి. పద్నాలుగో ప్రశ్న: 'వస్తువుకు కొక్కెం ఉన్నదా?' తినేశ్ అట్ట చూశాడు. కొక్కెం ఉంది. 'ఉన్నది' అని నొక్కాడు.

'ఈక గాలం కథలు' ఆ క్షణంలో సాహిత్యం నుంచి తొలగి, నదీ వినోద పరికరాల విభాగంలో చేరింది.

మర్నాడు గడువు పెంచుకోవడానికి వెళ్ళిన శాంతాదేవి చేతిలోంచి తినేశ్ పుస్తకాన్ని రెండు చేతులతో, కొక్కెం గుచ్చుకోకుండా, తీసుకున్నాడు.

"ఆంటీ, ఇది ఇప్పుడు తక్ బోలే. ఇవ్వకూడదు. గాలం లైసెన్స్ ఉందా మీకు?"

"నాకెందుకురా గాలం లైసెన్సు? నాను సదవడానికి అడగతన్నాను."

"పరికరం ఆంటీ. సిస్టమ్‌లో పరికరం అని వచ్చింది లా." (ఈ 'లా' చట్టం కాదు. మలేసియాలో మాట చివర అతికించే తోక.)

"కొక్కెమే కదా నీ బాధ? కత్తెరిచ్చు. ఊడదీసేస్తాను."

తినేశ్ ముఖం పాలిపోయింది. "అయ్యో, ఊడదీస్తే పరికరం డ్యామేజ్ ఆంటీ. డ్యామేజ్‌కి పోలీస్ రిపోర్ట్ కావాలి. రిపోర్ట్‌లో ఏ నదిలో పాడైందో రాయాలి."

"పోనీ ఫోనుతో పేజీలు ఫొటోలు తీసుకుంటాను."

తినేశ్ తెర మీద వెతికాడు. చాలాసేపు వెతికాడు. "ఒకేసారి ఎక్కువ పేజీలు పట్టడం వల వెయ్యడం కిందికి వస్తుంది. వల నిషేధం."

"ఎవడు రాసినాడురా ఈ రూల్సు?"

"రూల్స్ చేపలకి రాశారు ఆంటీ. పుస్తకం వాటి మధ్యలోకి వచ్చి పడింది."

ఇంత స్పష్టమైన వివరణ ఇచ్చిన అధికారిని అంతకు ముందు శాంతాదేవి చూడలేదు. ఆమె లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది.

లైసెన్సుకు నది భద్రత తరగతి తప్పనిసరి. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. అన్న డయాలిసిస్ ముగియగానే ఆయన్ని ఇంట్లో దించి వెళ్ళింది. నది ఉన్న చోటు దూరం కాబట్టి తరగతి కారు పార్కింగులో పెట్టారు. చీర మీద లైఫ్ జాకెట్టు వేసుకుని, సిమెంటు మీద బోర్లా పడుకుని, ఈత కొడుతున్నట్టు ఫొటో దిగింది. ప్రవాహానికి ఎదురు ఎలా నడవాలో చూపించమన్నారు. ఒక వ్యాను వెనక్కి వస్తుంటే దానికెదురు నడిచి చూపించింది. లైసెన్సు వచ్చింది. 'వేటగాడు' అనే మాట కొట్టేసి పైన చేత్తో 'పాఠకురాలు' అని రాసి, పక్కన తినేశ్ పొట్టి సంతకం పెట్టాడు.

ఇక్కడితో అయిపోతే ఇది కథ కాదు, సేవ అవుతుంది.

లైసెన్సుతోపాటు షరతుల పుస్తకం ఇచ్చారు. మొదటి షరతు కనీస కొలత. ముప్పై ఎనిమిది సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని పట్టరాదు, పట్టినా వదిలెయ్యాలి. తినేశ్ దగ్గర చేపలు కొలిచే బల్ల ఉంది. కథలో అచ్చయిన భాగాన్ని పై గీత నుంచి కింది గీత దాకా పేజీ పేజీకీ కొలిచి మొత్తం కట్టాడు. ఎనిమిదో కథ మూడు మీటర్లు దాటింది, అభ్యంతరం లేదు. పదో కథ మరీ చిన్నది. రెండు పేజీలు, ముప్పై ఒక్క సెంటీమీటర్లు.

"ఇది చిన్నది ఆంటీ. పెరగాలి."

"కథ పెరగడమేటిరా?"

"వదిలేసి చూడాలి. నెల తరవాత మళ్ళీ కొలుస్తాం."

ఆ రెండు పేజీలనూ క్లిప్పుతో మూసి పెట్టారు. (నెల తరవాత మళ్ళీ కొలిచారు. ముప్పై ఒకటే. 'ఎదుగుదల సంతృప్తికరంగా లేదు. కారణాలు పరిశీలించవలెను' అని నివేదిక వెళ్ళింది. పాపాయి మరణ ధ్రువపత్రం జతచేయమని పైనుంచి జవాబు వచ్చింది.)

రెండో షరతు రోజువారీ పరిమితి. రోజుకు రెండు చేపలు. కథలో మూడో చేప పడే సమయానికి చదవడం ఆపి, మిగతాది ఇంకో రోజుకు ఉంచాలి. ఇది మాత్రం ఎవరినీ బాధించలేదు.

"పరిమితి దాటడానికి ఆడికి ఎప్పుడు పడ్డాయి?" అన్నాడు సూరిబాబు తృప్తిగా. "పద్నాలుగు కథలైనాయి. ఎన్ని పడ్డాయో సెప్పు."

"నాలుగు."

"అందులో రెండు నాయి."

మాలిని కూడా నవ్వింది. ఆయన బరువు, బీపీ, నీళ్ళ లెక్క, అన్నీ గీతకు లోపలే ఉన్నాయి. కేంద్రంలో ఆలస్యంగా రాని రోగి ఆయనొక్కడే. పద్దెనిమిదో కథ అయ్యేసరికి పక్క కుర్చీ చీనా ముసలాయన తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, సూరిబాబు జారిపడే చోటు వచ్చినప్పుడల్లా సరిగ్గా నవ్వడం నేర్చుకున్నాడు.

క్లిప్పులో ఉన్న పదోది పోను, మిగిలింది 'పెద్ద కెలా'.

పరికరాన్ని ఏ రోజుకారోజు తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి, మంగళవారం పొద్దున్న శాంతాదేవి పఠనాలయం తలుపు తెరవకముందే నిలబడింది. పుస్తకం కౌంటరు మీదే ఉంది. తినేశ్ దాని మీద చెయ్యి వేసి ఉంచాడు.

"ఆంటీ, ఇవాళ నవంబరు ఒకటి దాటింది."

"అయితే?"

"కెలాకి గుడ్ల కాలం. నవంబరు, డిసెంబరు, జనవరి. కెలా పట్టకూడదు. కెలా కథ..." అతను మిగతాది మింగేశాడు.

"తినేశూ. అందులో ఉన్న కెలా ముప్పై ఎనిమిదేళ్ళ కిందటిది. అది గుడ్లెట్టి, ఆ గుడ్లు పిల్లలై, ఆ పిల్లలు సచ్చిపోయి కూడా ఉంటాయి."

"తెలుసు ఆంటీ. సిస్టమ్‌కి తెలీదు."

ఆ మంగళవారం సూరిబాబు కుర్చీలో నాలుగు గంటలు గోడ చూశాడు.  గురువారం చొక్కా తొడుక్కోలేదు.

"మూడు నెలలు ఆగాలంట కదా. ఆగుతాను. ఇంటికాడే ఆగుతాను."

"మూడు నెలలు డయాలిసిస్ లేకుండా ఉంటే నువ్వు ఉండవు అన్నియ్యా."

"మరైతే ఆ పాపాయిగాడినే అడగతాను, పట్టిందెవడ్రా అనీసి. ఎదురుగా ఉంటాడు కదా."

శుక్రవారానికి పాదాలు ఉబ్బాయి. చెప్పులు పట్టలేదు. మధ్యాహ్నం మాలిని ఫోను చేసింది. ఆ పిల్ల మామూలుగా సరదాగా మాట్లాడుతుంది. ఆ రోజు గొంతులో సరదా లేదు. "ఆంటీ, ఒకటి పోయింది. రేపటిది కూడా పోతే ఆయన్ని ఇక్కడికి తేవక్కర్లేదు. నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోవాలి. ఊపిరితిత్తుల్లోకి నీరు పోతుంది."

శాంతాదేవి ఫోను పెట్టేసి, కళ్ళజోడు పెట్టుకుని, షరతుల పుస్తకం మొదటి నుంచి చదివింది. లైసెన్సు పొందిన వాళ్ళలో దాన్ని చదివిన మొదటి మనిషి ఆమే అని తరవాత తేలింది. నలభై ఆరో పేజీలో, పడవ ఇంజిన్ల నూనె గురించి ఉన్న అధ్యాయం చివర, ఒక వాక్యం దొరికింది: 'గుడ్ల కాలమందు శాస్త్రీయ పరిశీలన నిమిత్తం, పర్యవేక్షకుల సమక్షంలో, పట్టి వదలవచ్చును.'

అయిదు గంటలకు పఠనాలయం మూసే వేళకు తినేశ్‌ను పట్టుకుంది. "రాయి. శాస్త్రీయ పరిశీలన. కథ వింటే ముసలోడు కుర్చీలో కూకుంటాడా, కూకోడా. ఇదే పరిశీలన."

తినేశ్ ఒక్క నిమిషం ఆలోచించాడు. పదకొండేళ్ళ తాత్కాలికోద్యోగంలో అతను మొదటిసారి ఒక దరఖాస్తు మీద 'అత్యవసరం' అనే ముద్ర వేశాడు. ముద్ర పొడిగా ఉంది. ఉమ్మి తడి చేసి మళ్ళీ వేశాడు.

శనివారం పొద్దున్న చెల్లెలు చెప్పిన ఒక్క మాటకు సూరిబాబు లేచాడు. "అన్నియ్యా, ఇవాళ పెద్ద కెలా." చెప్పులు పట్టక, కాళ్ళకు తువ్వాలు చుట్టుకుని కారెక్కాడు.

డయాలిసిస్ కేంద్రంలో కుర్చీ పక్కన జిల్లా నదీ వినోద పర్యవేక్షకురాలు ఉమాదేవి అప్పటికే నిలబడి ఉంది. చేతిలో చేపలు కొలిచే బల్ల. మెడలో విజిలు. వెనక తినేశ్, రెండు చేతులతో పుస్తకం పట్టుకుని. మాలిని ఆ విజిలు వంక ఒక చూపు చూసి, సూది గుచ్చి, మిషను నడిపింది.

"మా అమ్మోళ్ళది కూడా బాగన్ దాతుక్కే," అంది ఉమాదేవి సూరిబాబుతో, మర్యాదగా. "గానీ రూలు రూలే లా, మావా. పట్టి వదలడం. అంటే విన్నాక ఇక్కడే వదిలెయ్యాలి. వెంట తీసుకుపోకూడదు."

"కథని ఎలాగమ్మా వదలడం?" అంది శాంతాదేవి.

"అది వదిలేవాళ్ళు చూసుకోవాలి. మేం సంతకం మాత్రమే చూస్తాం."

శాంతాదేవి చదవడం మొదలుపెట్టింది. కథలో వాన వెలిసింది. ఏరు ఎర్రగా పొంగి, మధ్యాహ్నానికి తేటపడింది. ఇద్దరు స్నేహితులూ తెచ్చుకున్న చద్దన్నం, ఎండుచేప తిన్నారు. పాపాయి ఒడ్డున రాయికి ఆనుకున్నాడు. ఈక గాలం నీటి మీద ఒకసారి, రెండుసార్లు వాలింది. మూడోసారి నీరు పగిలింది. తాడు సర్రుమని పోయింది. కర్ర వంగి నీటిని తాకింది. బండల మధ్య బంగారం ఒక్కసారి తిరగబడి మెరిసింది. చీనా ముసలాయన తన కుర్చీలో ముందుకు వంగాడు. మాలిని వేరే కుర్చీ దగ్గర మందు పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఉమాదేవి కొలత బల్ల చంకలో పెట్టుకుని, తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసింది.

శాంతాదేవి పేజీ తిప్పింది. చదవబోయి ఆగింది.

"ఏటి? ఏటయ్యింది?" అన్నాడు సూరిబాబు. "తెంపుకుని పోయిందని రాసినాడా?"

ఆమె చదివింది:

"'ఆ కెలాను పట్టింది నేను కాదు. నేను రాయికి ఆనుకుని నిద్రపోతున్నాను. సూరి కేక విని లేచేసరికి చేప వాడి చేతుల్లో ఉంది. వాడు దానితో ఏదో మాట్లాడి, నీళ్ళలో వదిలేశాడు. నేనే పట్టానని పదిహేడేళ్ళుగా ఊరంతా చెబుతున్నాను. ఇక ముందు కూడా అలాగే చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు మార్చితే నా మిగతా చేపల్ని ఎవరూ నమ్మరు. కానీ నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అందుకని ఇక్కడ రాస్తున్నాను. సూరికి తెలుగు చదవడం రాదు.'"

 సూరిబాబు సూది లేని చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"ఎదవ," అన్నాడు. పుస్తకం వైపు వేలు చూపించి, "ఇంకోపాలి సదువు," అన్నాడు.

శాంతాదేవి ఉమాదేవి వంక చూసింది. ఉమాదేవి షరతులు తిరగేసింది. "రెండోసారి చదివితే రెండో చేప కింద లెక్క. రోజుకి రెండు. చదవచ్చు."

రెండోసారి చదివింది. అది అయ్యాక ఉమాదేవి పెన్ను తీసింది.

"మావా, ఆ కెలాని పట్టింది మీరేనా?"

"నానే!" సూరిబాబు గొంతు గది దాటి వినిపించింది. "ముప్పై ఎనిమిదేళ్ళబట్టి అదే సెప్తన్నాను! ఇప్పుడు ఆడే ఒప్పుకున్నాడు!"

"ఏ నెల?"

"దీపావళి వెల్లిన పది రోజులకి."

"నవంబరు." ఉమాదేవి రాసుకుంది. "గుడ్ల కాలంలో కెలా పట్టినట్టు నేరస్తుడి నోటి మాట, అచ్చయిన సాక్ష్యం, రెండూ ఉన్నాయి. కేసు రాయాలి."

"ఓలమ్మో!" శాంతాదేవి లేచి నిలబడింది. "అప్పుడు ఈ రూలు ఉన్నాదేటమ్మా?"

"రూలు లేదు పిన్నీ. గుడ్లు ఉన్నాయి."

విచారణకు ముద్దాయి స్వయంగా హాజరు కావాలి. డయాలిసిస్ లేని రోజుల్లో ముద్దాయి లేచి కూర్చోలేడని మాలిని రాసిచ్చింది. కాబట్టి విచారణ ఆ కుర్చీ దగ్గరే, మంగళ, గురు, శనివారాల్లో జరపాలని నిర్ణయమైంది. ఒక్క వాయిదాకు గైర్హాజరైనా కేసు కొట్టేస్తారు. కేసు కొట్టేస్తే చేప ఊరి నోట ఉన్న పాత రికార్డు ప్రకారం పాపాయి పేరునే ఉండిపోతుంది.

"అలాగెలా ఉంటాది?" అన్నాడు సూరిబాబు. "నాను వొస్తాను. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వొస్తాను. రాసుకో!"

మొదటి వాయిదాలో మోటారు సైకిలు మీద ఎవరు ముందు కూర్చున్నారో తేల్చారు. రెండో వాయిదాలో వాన. మూడో వాయిదాలో ఈక ఏ కోడిది అన్న దగ్గర వాంగ్మూలం ఆగిపోయింది, ఎందుకంటే ఆ కోడికి పెద్ద చరిత్ర ఉంది. తినేశ్ అంతా తెలుగులో రాస్తున్నాడు. తప్పులు రాస్తే శాంతాదేవి దిద్దుతోంది. వాయిదా రోజుల్లో పక్క కుర్చీలవాళ్ళు అరగంట ముందే వస్తున్నారు. ఉమాదేవి విజిలు ఇంట్లో పెట్టి వస్తోంది. పద్నాలుగు నెలలైంది. వాంగ్మూలం నాలుగు వందల పేజీలు దాటింది, చేప ఇంకా గాలాన్ని ముట్టలేదు. సూరిబాబు ఒక్క వాయిదా తప్పలేదు. పాదాల వాపు లేదు.

ఈ ఏడాది తనిఖీకి వచ్చిన బృందం ఫైళ్ళన్నీ చూసి, తమ విభాగం తీసుకున్న చర్య వల్ల ఒక పౌరుడు బతికి ఉన్నట్టు గుర్తించింది. ఈ పొరపాటు ఎవరి స్థాయిలో జరిగిందో తేల్చడానికి ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు.